రెండు వీల్యాన్‌ల మధ్య పింగ్ వెళ్లడం లేదు

ప్రశ్న: లేయర్ 3 స్విచ్‌లో (నెట్‌వర్క్‌ల మధ్య డేటా దాటించగల స్విచ్) రెండు వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు, పెట్టాను. గేట్‌వేగా, అంటే బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే చిరునామాగా, వీల్యాన్ 10కి 192.168.10.1, వీల్యాన్ 20కి 192.168.20.1 ఇచ్చాను. ప్రతి కంప్యూటర్ నుంచీ దాని గేట్‌వేకు పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే సందేశం) వెళ్తోంది, అవతలి వీల్యాన్‌కు మాత్రం వెళ్లదు. రెండు రాత్రులుగా కేబుళ్లు పీకి పెడుతున్నాను. లోపం ఎక్కడ?

జవాబు: కేబుళ్లను వదిలేయండి, పాపం వాటి తప్పేమీ లేదు. ‘ఐపీ రౌటింగ్’ ఆదేశం ఇచ్చారా? చాలా స్విచ్‌లలో అది మొదట్లో ఆపి ఉంటుంది. అది లేకపోతే రెండు చిరునామాలున్నా స్విచ్ ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఇటు నుంచి అటు దాటించదు.

ప్రశ్న అడిగినవారు: ఇవ్వలేదండీ! ఇప్పుడిచ్చాను. స్విచ్ దారులు చూసుకునే రౌటింగ్ పట్టికలో రెండు నెట్‌వర్క్‌లూ కనిపిస్తున్నాయి. వీల్యాన్ 10 నుంచి 192.168.20.1 పలుకుతోంది, వీల్యాన్ 20లోని కంప్యూటర్ 192.168.20.15 మాత్రం ఉలకదు పలకదు.

మరో జవాబు: ఆ కంప్యూటర్‌లో విండోస్ ఉంటే దాని ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని వడపోసే రక్షణ) చూడండి. వేరే సబ్‌నెట్ (చిరునామాల గుంపు) నుంచి వచ్చే పింగ్‌ను అది మామూలుగా అడ్డుకుంటుంది. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయకండి, 192.168.10.0/24 నుంచి, అంటే వీల్యాన్ 10 చిరునామాల నుంచి, వచ్చే పింగ్‌ను మాత్రం అనుమతించండి. ఆ కంప్యూటర్‌లో పెట్టిన గేట్‌వే కూడా సరిచూడండి. నేనొకసారి 20.1 బదులు 10.1 అని కొట్టి, పూటంతా స్విచ్‌ను తిట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు: గేట్‌వే సరిగానే ఉంది. ఫైర్‌వాలే! ఇప్పుడు రెండు వైపులా పింగ్ వెళ్తోంది.