చుక్కల్లేని ముగ్గులా, ముందే ఏదీ అనుకోకుండా కథ రాసేవాళ్లు దాన్ని ఎలా పూర్తి చేస్తారు?

నమస్కారం. పగలు బ్యాంకు ఉద్యోగం, మిగిలిన కాస్త సమయంలో కథలు. ఆరేళ్లలో అచ్చయినవి 3, సగంలో ఆగినవి 19.

తెల్లవారుజామున అయిదింటికి లేచి రాయమని అందరూ చెబుతారు. నాలుగు నెలలు లేచాను. కాఫీ కుదిరింది గానీ కథ కుదరలేదు. తర్వాత 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి పట్టుకున్నాను. సరిగ్గా పాత్ర నోరు విప్పే వేళకు అలారం మోగేది. (ఆఫీసు లెక్కలకు మాత్రం అది బాగా పనికొస్తోంది.)

కథంతా ముందే సన్నివేశాలుగా రాసుకుంటే ఇంకా అన్యాయం. ముగింపు తెలిశాక నాకే ఆసక్తి పోతుంది. మా అమ్మ చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేస్తుంది. మా మేనత్త ఒక్క చుక్కా లేకుండా గీత తిప్పుకుంటూ పోతుంది. నాది అత్తయ్య పద్ధతే, కాకపోతే ఆవిడ ముగ్గు పూర్తవుతుంది.

నడుస్తున్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడు సంభాషణలు వాటంతటవే వస్తాయి. కాగితం ముందు కూర్చోగానే మాయమవుతాయి. ఫోనులో రికార్డు చేసి చూశాను. మళ్లీ విని రాయడం గుమాస్తా పనిలా అనిపించి వదిలేశాను.

ఊపు వచ్చినప్పుడే రాసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: పది రోజుల తర్వాత అదే కథలోకి మళ్లీ ఎలా వెళ్తారు? రికార్డు చేసిన మాటలను కథగా ఎలా మలుస్తారు? క్రమశిక్షణ గురించి మాత్రం దయచేసి వద్దు, అది మా ఇంట్లో ఉచితంగానే దొరుకుతోంది.