నెల రోజులు ఖాళీ దొరికింది, ఎటు వెళ్తే బాగుంటుంది?

మియాపూర్_మెట్రో:

అందరికీ నమస్తే. నవంబర్ 14 పాత ఆఫీసులో నా లాస్ట్ డే, కొత్త దాంట్లో డిసెంబర్ 15 జాయినింగ్. మధ్యలో సరిగ్గా నెల. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇన్ని రోజులు ఖాళీ దొరకడం ఇదే మొదటిసారి, పెళ్ళికి కూడా పన్నెండు రోజులే లీవు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు కాబట్టి ఒక్క రోజు కూడా వేస్ట్ కాకూడదని ఎక్సెల్ షీట్ వేసుకుని కూర్చున్నా. గోవా 4 రోజులు, రాజస్థాన్ 6, మనాలి 4, కాశీ 3, మేఘాలయ 5, చివర్లో అండమాన్ 5, మిగిలినవి ప్రయాణాలకి. బడ్జెట్ తొంభై వేలు అనుకున్నా గానీ ఫ్లైట్లు చూస్తే సగం పైన వాటికే పోయేలా ఉంది.

మా ఆవిడ టీచరు, పాప మూడో క్లాసు, ఇద్దరికీ నాలుగైదు రోజులకి మించి కుదరదు. తనే "నువ్వు వెళ్ళు, చివర్లో మేమొచ్చి కలుస్తాం" అంది. అంటే ఎక్కువ భాగం ఒక్కణ్ణే. నిజం చెప్పాలంటే బాగా అలిసిపోయి ఉన్నా, రెండేళ్ళుగా నైట్ షిఫ్టులు, నిద్ర సరిగ్గా లేదు. ఈ షీట్ చూస్తుంటే ఉత్సాహం రావాల్సింది పోయి గుండె దడగా ఉంటోంది. ఇలా గ్యాప్ దొరికినవాళ్ళు ఏం చేశారో చెప్పండి, నా ప్లాన్‌లో ఏది తీసెయ్యమంటారు?

వసంత_ఎల్బీనగర్:

ముందు నాకు జరిగింది చెప్తానండి, మీకు పనికొస్తుంది. నాలుగేళ్ళ క్రితం నాకూ ఇలాగే 26 రోజులు దొరికితే అయిదు రాష్ట్రాలు పెట్టుకున్నా. ప్రతి రెండు రోజులకీ హోటల్ మారడం, పొద్దున్నే అయిదింటికి లేచి క్యాబ్, రాత్రి ట్రైన్. పదమూడో రోజు జైపూర్‌లో 103 జ్వరం, రెండు రోజులు హాస్పిటల్లో. అక్కడ తెలిసింది అసలు సంగతి, ఆఫీసు ఇన్సూరెన్స్ లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోయింది, కొత్త ఆఫీసుది జాయిన్ అయ్యాక గానీ మొదలవ్వదు. బిల్లంతా చేతి నుంచే కట్టుకున్నా. దయచేసి మీ పేరు మీద సొంత పాలసీ ఒకటి తీసుకోండి, అదీ ఇప్పుడే, ఎందుకంటే కొత్త పాలసీల్లో మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప మామూలు జబ్బులకి కవర్ ఉండదు. బయల్దేరే ముందు రోజు తీసుకుంటే లాభం లేదు.

ఏది తీసెయ్యాలి అని అడిగారు కదా, సగం తీసెయ్యండి. నిద్ర లేని మనిషి మొదటి వారం నిద్రే పోవాలి, దానికి సిగ్గు పడక్కర్లేదు.

గౌతమి_గట్టు:

నేను చెప్పేది మీ షీట్లో లేని సంగతి, కొంచెం ఓపిగ్గా చదవండి. నేను కోనసీమవాణ్ణి, రెండేళ్ళ క్రితం నెల రోజులు ఖాళీ వస్తే గోదావరి వెంట వెళ్ళా, పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసేదాకా. చిన్నప్పట్నుంచీ ఆ నీళ్ళు తాగి ఆ నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగాం కానీ నది ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడూ చూడలేదు, అదీ కారణం.

నాసిక్ దగ్గర త్రయంబకం. బ్రహ్మగిరి కొండ మీద పుడుతుంది. అక్కణ్ణుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే, అయినా అటు పోకుండా తూర్పుకి తిరిగి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. కొండెక్కి చూస్తే సన్నగా ఊట. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కనీకనపడని నది ఇదేనా అని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సోమవారం, శని ఆదివారాలు తప్పించి వెళ్ళండి, జనం ఎక్కువ. త్రయంబకంలో రెండు రాత్రులు ఉండి నాసిక్ వచ్చి పంచవటి, రామ్‌కుండ్ చూసుకోండి. నవంబర్ చివర్లో అక్కడ చలి బాగానే ఉంటుంది, స్వెట్టర్ పెట్టుకోండి.

వెళ్ళడానికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ చాలు. ఆ లైన్ మీద నిజామాబాద్, బాసర, నాందేడ్, ఔరంగాబాద్, నాసిక్ రోడ్ అన్నీ వస్తాయి, అంటే పోయేటప్పుడు రైల్లో దాటేసిన ఊళ్ళనే తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కటిగా దిగుతూ రావచ్చు. ఔరంగాబాద్‌కి ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అని పేరు. అక్కణ్ణుంచి 50 కిలోమీటర్లలో పైఠణ్, శాతవాహనుల ప్రతిష్ఠానపురం, జాయక్వాడీ డ్యాం, పైఠణీ చీరలు నేసేవాళ్ళు. మా ఆవిడకి ఒకటి కొందామనుకుని రేటు విని ఆగిపోయా కానీ నేస్తుంటే పక్కన ఒక పూట కూర్చున్నా, పట్టు కొంగు మీద నెమలి ఎలా వస్తుందో కళ్ళారా చూశా. ఎల్లోరా మంగళవారం మూసేస్తారు, అజంతా సోమవారం, గుర్తు పెట్టుకోండి. నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా, గురు గోబింద్ సింగ్ 1708లో చివరి రోజులు గడిపిన చోటు. అక్కడ లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, కూర్చుని తినండి, తిన్నాక వీలైతే గిన్నెలు కడిగే చోట ఒక గంట ఉండండి, నాకు ఆ గంట ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

బాసర, కాళేశ్వరం మీదుగా భద్రాచలం వచ్చాక పాపికొండలు. పోలవరం పనులు మొదలయ్యాక చాలా మారింది అక్కడ, దేవీపట్నం లాంటి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, నీళ్ళలోంచి కొబ్బరి చెట్ల తలలు కనపడితే మనసు అదోలా అయిపోతుంది. 2019 సెప్టెంబర్లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పట్నుంచి రూల్స్ గట్టిగా పెట్టారు, ఎవరేమన్నా సరే లైఫ్ జాకెట్ విప్పొద్దు. రాజమండ్రి వైపు నుంచి వెళ్తే గండి పోచమ్మ దగ్గర బోటెక్కిస్తారు, ముందు రోజే అడిగి వెళ్ళండి, నీళ్ళు పెరిగితే ఆపేస్తారు.

ఎగువ నుంచి దిగువకే ఎందుకు రమ్మంటున్నానంటే నవంబర్ మాకు తుఫాన్ల నెల. 1996 నవంబర్ 6 రాత్రి నాకు తొమ్మిదేళ్ళు, మా ఇంటి చుట్టూ ఒక్క కొబ్బరి చెట్టు నిలబడలేదు. మీరు ఇక్కడికి వచ్చేసరికి డిసెంబర్ రెండో వారం అవుతుంది, అప్పుడైతే బెంగ తక్కువ.

కందకుర్తి_పోరడు:

గౌతమన్న మస్తు చెప్పిండు గని మా దిక్కు గోదారిని ఒక్క లైన్ల దాటిచ్చిండు, అందుకే రాస్తున్న.

అన్నా, గోదారి తెలంగాణల అడుగుపెట్టేదే మా కందకుర్తి దగ్గర, మంజీర, హరిద్ర వచ్చి కలుస్తయి. నీళ్ళు తగ్గినంక నది నడుమ పాత రాతి శివాలయం బయటపడ్తది, వానకాలంల అయితే మునిగే ఉంటది. అక్కడ హోటళ్ళు గిట్ల ఏం లెవ్వు, బోధన్‌ల గానీ నిజామాబాద్‌ల గానీ ఉండి పొద్దుగాల వచ్చి పోవాలె. శ్రీరాంసాగర్ ఎనక నీళ్ళు తగ్గిన కాడ పచ్చగడ్డి మొలుస్తది, ఆడ కృష్ణజింకలు గుంపులు గుంపులు తిరుగుతయి. చానమందికి తెల్వది ఈ ముచ్చట. తెల్లారకముందే పోవాలె, బండి దూరంగ ఆపి సప్పుడు చెయ్యకుండ చూడాలె, ఎంబడి పడొద్దు, ఫోటోల కోసం ఉరికిస్తే పాపం అన్నా అవి.

బాసరల ఒక రాత్రి, ఆన్నుంచి నిర్మల్ పోయి బొమ్మలు చేసేటోళ్ళను చూడు, పొనికి కట్టెతోని చేస్తరు, చేతిల వట్టుకుంటె బరువే ఉండది. తర్వాత ధర్మపురి, నరసింహస్వామి గుడిల్నే యమధర్మరాజుకు కూడ గుడి ఉంటది. కాళేశ్వరంల ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు, ప్రాణహిత వచ్చి గోదాట్ల కలిసేది ఆన్నే. మొన్న 2025 మే నెల సరస్వతి పుష్కరాలప్పుడు ఇసుకేస్తె రాలనంత జనం, మామూలు రోజుల్ల పోతె మాత్రం గట్టు మీద నువ్వు, నది, అంతే.

కాళేశ్వరం నుంచి భద్రాచలం పొయ్యేటప్పుడు ములుగు దగ్గర రామప్ప ఇడవకు. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. పొద్దుగూకేటప్పుడు ఆ నల్లరాతి మదనికల (ఆడ బొమ్మల) మీద ఎండ పడుతుంటె చూడాలె.

షిల్లాంగ్_రిటర్న్:

నేను ఒప్పుకోనండి. గోదావరి ఎక్కడికీ పోదు, బాసర, భద్రాచలం, రాజమండ్రి హైదరాబాద్ నుంచి ఏ శని ఆదివారమైనా వెళ్ళొచ్చు. నెల రోజులు దొరికినప్పుడే కదా దూరం వెళ్ళాల్సింది? నేను మేఘాలయలో 18 రోజులు ఉన్నా, అది నా జీవితంలో మర్చిపోలేను. నోంగ్రియాట్‌కి మూడు వేల పైన మెట్లు దిగాలి, కింద బతికున్న చెట్ల వేళ్ళతో అల్లిన రెండంతస్తుల వంతెన, ఆ ఊళ్ళోనే మూడు రాత్రులు పడుకున్నా. డిసెంబర్లో డౌకీ దగ్గర ఉమ్‌గోట్ నది నీళ్ళు అద్దంలా ఉంటాయి, పడవ గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. మేఘాలయకి ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్ళు ఆ రాష్ట్రంలోకి వెళ్ళడానికి తీసుకునే అనుమతి) కూడా అక్కర్లేదు, అరుణాచల్‌కీ నాగాలాండ్‌కీ అయితే కావాలి. గౌహతి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. మీ లిస్టులో మిగతా అయిదూ కొట్టేసి అదొక్కటి ఉంచుకోండి, నా మాట నమ్మండి.

గౌతమి_గట్టు:

మీరు చెప్పిందీ నిజమే, మేఘాలయ నేనూ చూడాలి. కానీ శని ఆదివారాల్లో చూసేది గుడి మాత్రమే, నదిని కాదు. శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం దర్శనం, ఆదివారం తిరుగు ప్రయాణం, నేనూ పదేళ్ళు అలాగే చేశా. భద్రాచలంలో మూడో రోజు సాయంత్రం గట్టు మీద ఒక పెద్దాయన 1986 వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించారు, మొదటి రోజే వెళ్ళిపోయుంటే ఆయన కనపడేవారు కాదు. పైగా 2027లో నాసిక్‌లో కుంభమేళా, మన దగ్గర గోదావరి పుష్కరాలు. ఆ హడావిడి మొదలవ్వకముందే ప్రశాంతంగా చూసుకోవచ్చు.

వసంత_ఎల్బీనగర్:

ఎటు వెళ్ళినా ఒకటే దిక్కు వెళ్ళండి, నాది అంతే. ఇంకో విషయం, కొత్త ఆఫీసు హెచ్ఆర్ వాళ్ళు మధ్యలో డాక్యుమెంట్లు అడుగుతారు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫోన్లు వస్తాయి. రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు అన్నీ ఫోన్లో పెట్టుకోండి, సిగ్నల్ సరిగ్గా లేని చోటికి వెళ్ళే రోజు ముందే వాళ్ళకి మెయిల్ పెట్టండి. పీఎఫ్ మాత్రం తీసెయ్యకండి, ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.

మియాపూర్_మెట్రో:

అందరికీ చాలా థ్యాంక్స్, అన్నీ రెండేసి సార్లు చదివా. నిన్న రాత్రి మా నాన్నకి ఫోన్ చేసి గోదావరి వెంట వెళ్దామనుకుంటున్నా అన్నా. మాది ఆర్మూర్ దగ్గర పల్లెటూరు, నాన్నకి 68. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ తాత అస్థికలు బాసరలోనే కలిపినం, మల్ల నేను ఆడికి పోలే, నువ్వు బాసర వచ్చే రోజు చెప్పు, నేను బస్సుల వస్త" అన్నాడు. అక్కడితో డిసైడ్ అయిపోయా. షిల్లాంగ్ గారూ, మీ వంతెన నా మనసులో ఉండిపోయింది, పాప కొంచెం పెద్దయ్యాక తప్పకుండా తీసుకెళ్తా.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. మొదటి అయిదు రోజులు ఇంట్లోనే, నిద్ర. నవంబర్ 20కి దేవగిరిలో స్లీపర్ కన్ఫర్మ్ అయింది. త్రయంబకం, నాసిక్ నాలుగు రోజులు, పైఠణ్, ఎల్లోరా నాలుగు, నాందేడ్ రెండు. బాసరలో నాన్న కలుస్తాడు, ఇద్దరం కందకుర్తి, నిర్మల్ చూసుకుని ధర్మపురి దాకా కలిసి వెళ్తాం, ఆ తర్వాత ఆయన ఊరికి, నేను కాళేశ్వరం. మా ఆవిడా పాపా డిసెంబర్ 10 పొద్దున రాజమండ్రిలో దిగుతారు, నాలుగు రోజులు ఉండి 13 రాత్రికి నరసాపురంలో ట్రైన్. షీట్లో ఇంకేమీ రాయలేదు, రూములు కూడా మొదటి రెండు చోట్లే బుక్ చేశా. సొంత పాలసీ ఇవాళే తీసుకున్నా వసంత గారూ.

ఒక్క డౌట్ గౌతమి గారూ. చివరి రోజు పాపకి సముద్రంలో నది కలిసే చోటు చూపించాలి. అంతర్వేది అయితే బెటరా, యానాం అయితే బెటరా? రాజమండ్రిలో కారు మాట్లాడుకుంటే నరసాపురం దాకా వస్తుందా?

గౌతమి_గట్టు:

ఎలాగూ ట్రైన్ నరసాపురంలో కాబట్టి అంతర్వేది. యానాం గౌతమీ పాయ వైపు, అది మీకు పక్కకి అయిపోతుంది. పొద్దున్నే ధవళేశ్వరంలో బ్యారేజీ, కాటన్ మ్యూజియం చూసుకుని ఆత్రేయపురం మీదుగా రండి, పూతరేకులు అక్కడ చేస్తుండగా పాపకి చూపించండి, వేడి కుండ మీద పల్చటి రేకు ఎలా లేస్తుందో చూస్తే కదలదు. పక్కనే ర్యాలి, ఒకే రాతి విగ్రహం, ముందు విష్ణువు వెనక మోహిని.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి వెళ్ళండి, గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేది అక్కడే. ఒక వైపు నీళ్ళు మట్టి రంగు, ఒక వైపు నీలం, విడివిడిగా తెలుస్తాయి. పాప చెయ్యి వదలకండి, లోపలికి దిగొద్దు, అక్కడ లాగేస్తుంది. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతల ఒడ్డు నరసాపురమే, కారు కూడా పంటు మీద ఎక్కిస్తారు. చీకటి పడకముందే దాటేయండి, డ్రైవర్‌కి పొద్దున్నే చెప్పి ఉంచండి.

ఇంకోటి, నరసాపురం స్టేషన్లో నాగర్‌సోల్ వెళ్ళే బండి బోర్డు కనపడితే పాపకి చూపించండి. షిరిడీ వెళ్ళేవాళ్ళు ఎక్కుతారు దాంట్లో, బాసర, నాందేడ్ మీదుగా నాసిక్ జిల్లా దాకా పోతుంది. వాళ్ళ నాన్న మూడు వారాలుగా దిగుతూ వచ్చిన దూరమంతా ఒక్క రోజులో వెనక్కి వెళ్తుంది ఆ బండి.

కందకుర్తి_పోరడు:

అన్నా, నాయన వస్తుండంటె మస్తు సంతోషమైంది. కందకుర్తి వచ్చే ముందురోజు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, బోధన్ నుంచి నేనే బండి మీద తీస్కపోత, నాయనకు మెట్లు లేని దిక్కు నుంచి నది కాడికి దిగే తొవ్వ నాకెరుక.