అప్‌డేట్: అద్దానికి అతుక్కుపోయిన ఫొటో

అద్దానికి అతుక్కుపోయిన మా పాత ఫ్యామిలీ ఫొటోని ఎలా తీయాలని పోయిన నెల అడిగాను కదా. 1979 గోదావరి పుష్కరాలప్పుడు రాజమండ్రిలో తీయించుకున్నది, 1986 వరదల్లో తడిసింది. లాగొద్దని చెప్పినవాళ్లందరికీ దండం. తడికి ఫొటో పైపొర మెత్తబడి జిగురులా అద్దాన్ని పట్టేస్తుందట, లాగితే మొహాలే ఊడొస్తాయట. అందుకే అద్దంతో పాటే స్కాన్ చేయించాను.

పెద్ద స్క్రీన్ మీద ఎన్ని కనబడ్డాయో! అమ్మ కొంగు చివర చిన్న ముడి, గోదాట్లో వేయడానికి చిల్లర కట్టుకుందేమో. నాన్న భుజం మీద బాబాయి చెయ్యి. తర్వాత పొలం గొడవలొచ్చి ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు వాళ్లిద్దరూ. ఆ చెయ్యి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

చివర నిలబడ్డ ఆవిడ ఎవరో తెలియదన్నాను కదా. వాళ్లందరిలో ఇప్పుడు మిగిలింది మా చిన్న మేనత్త ఒక్కతే. ఫోన్‌లో పెద్దది చేసి చూపించగానే, "మా పెద్దక్క రా! మీ నాన్నని చంకనేసుకుని పెంచింది" అంది. నేను పుట్టకముందే పోయిందట. అత్త చెబుతుంటే అందరి పేర్లూ కాగితం మీద రాసి ఫ్రేము వెనక అంటించాను.

కాపీ బాబాయి పిల్లలకీ పంపాను. మొన్న ఆదివారం వాళ్ల పెద్దాడు ఫోన్ చేశాడు.