"బల్కాకం దపంబంది": ఇది ఏ కాక?

సంపెంగ: ఒక పద్యపాదం కొన్నాళ్లుగా నాలుక మీదే తిరుగుతోంది. "...నన్నొల్లదటంచు గంధఫలి బల్ కాకం దపంబంది...", తర్వాత ముక్కు వస్తుంది, చివర "ఇర్వంకలన్". తుమ్మెద తనను ఒల్లదని గంధఫలి, అంటే సంపెంగ, తపస్సు చేసి ఆడదాని ముక్కుగా మారిందని, చూపులే తుమ్మెదలై రెండు వైపులా చేరాయని భావం. ముక్కు రెండు వైపులా కుట్టించుకుని నల్ల పుడకలు పెట్టుకోవాలని చూస్తున్నాను, అందుకే గుర్తొచ్చినట్టుంది. మా ఇంట్లో "బల్" దగ్గర ఆపి "కాకం" అని విడిగా చదివేవారు. కాకి అనే ధ్వని కవి ఉద్దేశించిందేనా? పనిలో పనిగా, పచ్చి కుట్టుకు ఏ నలుపు మంచిదో కూడా చెప్పండి.

యతిప్రియ: కాకి లేదమ్మా. పాదం "లా"తో మొదలైంది, పదమూడో అక్షరం "ల్కా". అందులోని లకారమే యతిని, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తును, నిలబెట్టింది. విరిచి చదివితే ఆ లకారం చెవికి అందదు. బల్కాక ఒక్క ఊపిరిలో పోవాలి.

పాతప్రతి: యతి వరకే చూస్తే ఎలాగండీ. అసలు ప్రాణం ఆ సున్నాలో ఉంది. "కాక దపంబంది" అంటే తగణం (గురువు, గురువు, లఘువు) పోతుంది. ద్రుతం, అంటే మాట చివరి నకారం, ఉంది కాబట్టే తపం దపం అయింది, "కం" గురువైంది. ఇప్పుడు తేలాల్సింది కాక అంటే ఏమిటన్నది. తుమ్మెద ఒల్లలేదన్న ఉడుకా, తపస్సు తాలూకు వేడా?

యతిప్రియ: ఉడుకే. "అటంచు" అని కారణం చెప్పాక మళ్లీ అగ్ని ఎందుకు?

కొలిమి: నేను కుట్లలో పెట్టుకునే నగలు తయారుచేసే చోట పనిచేస్తాను, నాకు మాత్రం ఇది నిప్పు కాకే. ముందు సంపెంగ గారి రెండో ప్రశ్న. టైటానియానికి కరెంటు పెడితే నీలం, ఊదా, పసుపు వస్తాయి. అవి పైపొర మందాన్ని బట్టి కాంతి చూపించే రంగులు, ఆ పద్ధతిలో అసలైన నలుపు రాదు. నల్ల టైటానియం అని అమ్మేదానికి సాధారణంగా పీవీడీ పూత, అంటే ఆవిరిగా మార్చి పైన పట్టించిన పలుచటి పొర, ఉంటుంది. నియోబియం వేరు. దాన్ని కాలిస్తే దాని ఆక్సైడే చిక్కబడి నల్లనవుతుంది. పైన పూసింది కాదు, లోహం ఉపరితలమే మారింది. గంధఫలి కూడా అలాగే కాగి, రూపం మారి ముక్కయింది కదా. కాకలు తీరిన యోధుడన్నా ఇదే కాక.

పాతప్రతి: కొలిమి గారూ, పోలిక బాగుంది కానీ "కాకలు తీరిన"ను ఇందులోకి లాగొద్దు. అక్కడ "తీరిన" అంటే చల్లారినదా, తీరిక లేకుండా కాగి పదునెక్కినదా అన్నదే తెగలేదు.

కొలిమి: పదునెక్కినదే. లోహం పనిచేసేవాడికి అందులో అనుమానం రాదు.

సంపెంగ: అన్నా, మా ఊళ్లో ఆక్సిడైజ్డ్ వెండి పుడకలు చాలా అందంగా ఉన్నాయి. అవి వద్దా?

కొలిమి: కుట్టు మానేదాకా వద్దమ్మా. పేరు ఆక్సిడైజ్డ్ అయినా ఆ నలుపు గంధకంతో వచ్చింది, వెండి సల్ఫైడ్. పచ్చి పుండు తడిలో వెండి పెట్టకూడదు. జర్మన్ సిల్వర్ అయితే మరీ ప్రమాదం. అందులో వెండే ఉండదు, రాగి, జింక్, నికెల్. దురద, రసి మొదలయ్యేది ఎక్కువగా ఆ నికెల్‌తోనే. ఐరోపాలో కుట్టులోకి దూర్చే కడ్డీ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాముల నికెల్ కూడా విడుదల కాకూడదని నిబంధన పెట్టారు. సర్జికల్ స్టీల్ అన్న మాట విని కూడా నిశ్చింతగా ఉండొద్దు, ఆ పేరుతో అమ్మే 316ఎల్ రకంలో నికెల్ పది శాతం పైనే. నల్లచేవ కర్ర, కొమ్ము, యాక్రిలిక్ ఇవన్నీ పూర్తిగా మానాకే. ఇప్పటికి ఏఎస్‌టీఎం ఎఫ్ 136 (శరీరంలో అమర్చే లోహానికి పెట్టిన ప్రమాణం) టైటానియం సాదాది పెట్టుకోండి, లేదా నల్ల నియోబియం. ముక్కు మానడానికి నెలలు పడుతుంది. పూత ఉన్నది కొంటే గీతలు పడ్డనాడు తీసేయండి.

తాళపత్రం: ఇంతసేపూ తిమ్మన పేరు ఎవరూ ఎత్తలేదు! పద్యం వసుచరిత్రలోదే, భట్టుమూర్తి అని కూడా పిలిచే రామరాజభూషణుడిదే. అయినా ముక్కు తిమ్మన రాస్తే భట్టుమూర్తి కొన్నాడని లోకం కథ కట్టింది. నాకైతే ఆ కథ ఎప్పుడూ నచ్చలేదు. తిమ్మన పారిజాతాపహరణం చదివినవాడికి తెలుస్తుంది, తిమ్మన ఇంత బిగి కట్టడు. ఆయన మాట జారుతుంది, మెత్తగా. సత్యభామ అలకలో ఒక్కచోట కూడా ఇలా శ్లేషలు గిరికీలు కొట్టవు. "బల్కాక" లాంటి గట్టి ముడి ముమ్మాటికీ భూషణుడిదే.

యతిప్రియ: ఒప్పుకుంటాను. "యోషా నాసాకృతి" (స్త్రీ ముక్కు రూపం) అని పాదం విరిచి "షా" మీద యతి వేసి "స్సౌ" దగ్గర అందుకోవడం ఆయన చేతిపనే.

పాతప్రతి: చేతిపని సంగతి పక్కన పెట్టండి. కాక?

తాళపత్రం: రెండూనూ. ఒల్లకపోవడం వల్ల పుట్టిన ఉడుకే తపోగ్ని అయింది.

పాతప్రతి: రెండూ అంటే జవాబు కాదండీ. కాకన్ అన్నది "కాకతో"నా, "కాకలో"నా? మొదటిదైతే యతిప్రియ గారిది నిలుస్తుంది, రెండోదైతే కొలిమి గారిది.

సంపెంగ: నియోబియానికి చెప్పేశాను, థాంక్యూ అన్నా. ఇప్పుడు కొత్త సందేహం పట్టుకుంది. ఒల్లనన్నది మొదటి పాదంలో "సారంగము", తుమ్మెద. చివర ముక్కుకు రెండు వైపులా వచ్చి వాలినవి "మధుకరీ పుంజంబులు", ఆడతుమ్మెదలు. మరి తపస్సు ఫలించినట్టేనా?

యతిప్రియ: ప్రేక్షణ మాలిక (చూపుల మాల) స్త్రీలింగం, రూపకం పొసగాలని మధుకరి అన్నాడు.

తాళపత్రం: అంత తేలిక కాదు. లింగం కోసం భూషణుడు అర్థం వదులుకోడు. సంపెంగ గారు పట్టుకున్నది అసలైన చోటు. రాత్రికి వ్యాఖ్యానం తీసి చూసి రాస్తాను.