"హోటల్లో తిన్నాం" అని ఇంగ్లీషులో రాస్తే తప్పేనా?

నిజామాబాద్ అమ్మ:
మా పాప ఏడో తరగతి. దసరా సెలవుల గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసింది. అందులో "వీ ఏట్ ఇన్ ఎ హోటల్" అన్న చోట టీచర్ ఎర్ర సిరాతో హోటల్ కొట్టేసి, పైన రెస్టారెంట్ అని రాసి అర మార్కు తీసేశారు. మేం వెళ్ళింది విజయవాడ బాబాయ్ హోటల్‌కి. "బోర్డు మీదే హోటల్ అని ఉంది కదమ్మా" అని పాప ఒకటే గొడవ. నాకూ దాని మాటే సబబుగా అనిపిస్తోంది. మీరేమంటారు?

ఫ్రంట్ ఆఫీస్ రవి:
టీచర్‌దే కరెక్ట్ అండీ. నేను హైదరాబాద్‌లో హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పని చేస్తాను. ఇంగ్లీషులో హోటల్ అంటే అద్దెకు గది తీసుకుని ఉండే చోటు. తిండి దొరికినా దొరక్కపోయినా గదులు మాత్రం ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ స్టార్ ఇవ్వాలంటే కనీసం 10 గదులు ఉండాలి. జీఎస్టీ కూడా హోటల్‌నీ రెస్టారెంట్‌నీ విడివిడిగానే చూస్తుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్ లోపలి రెస్టారెంట్‌లో తింటే 18 శాతం, బయట మామూలు రెస్టారెంట్‌లో తింటే 5 శాతం.

ఒక విదేశీ అతిథి మా దగ్గరికి రాకముందు, పాతబస్తీలో హోటల్ అన్న బోర్డు చూసి రాత్రిపూట సూట్‌కేసుతో ఆటో దిగాడట. గది కావాలంటే వాళ్ళు ఏసీ హాల్లోకి తీసుకెళ్ళి టేబుల్ చూపించారట. పిల్లలకు ఇప్పుడు చెప్పకపోతే రేపు ఇబ్బంది పడేది వాళ్ళే.

మెల్‌బోర్న్ తెలుగోడు:
రవి గారూ, "ఇంగ్లీషులో" అంటే ఎవరి ఇంగ్లీషులో? ఇక్కడ ఆస్ట్రేలియాలో ప్రతి పేటలోనూ హోటల్ అని బోర్డు పెట్టుకున్న పబ్బులు ఉంటాయి. వెనకటికి మద్యం లైసెన్సు కావాలంటే ప్రయాణికులకు గదులు కూడా ఇవ్వాలన్న షరతు ఉండేది. చాలా చోట్ల గదులు పోయాయి, పేరు మిగిలింది. శుక్రవారం సాయంత్రం మా ఆఫీసు వాళ్ళు హోటల్‌కి పోదాం అంటే బీరు తాగడానికే.

ఇక ఫ్రెంచిలో హోటల్ మాటను ఒతెల్ అని పలుకుతారు. ప్యారిస్‌లో "ఒతెల్ ద విల్" అంటే నగర పాలక భవనం, "ఒతెల్ ద్యూ" అంటే ఆసుపత్రి. ఇంగ్లీషు వాళ్ళు ఈ మాట తెచ్చుకున్నది ఫ్రెంచి నుంచే. వాళ్ళు అర్థం మార్చుకున్నప్పుడు మనం మార్చుకుంటే తప్పేంటి?

కాకినాడ మాస్టారు:
అమ్మా, మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. మన వాళ్ళు ఇంగ్లీషు రాక హోటల్ అంటున్నారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. పాతకాలంలో మన ఊళ్ళలో ప్రయాణికుడు పడుకునే చోటు వేరు, తినే చోటు వేరు. పడుకోవడానికి సత్రం ఉండేది. ధర్మానికి కట్టించినది, అద్దె అడిగేవారు కాదు. డబ్బిచ్చి తినడానికి పూటకూళ్ళ ఇల్లు. ఓరుగల్లులో ఒక్క రూకకు కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటలు, పప్పు, నెయ్యి, పెరుగుతో పూటకూటి భోజనం పెట్టేవారని క్రీడాభిరామం అనే పాత తెలుగు నాటకంలో పద్యమే ఉంది.

నాకు తోచేదేమిటంటే, హోటల్ అన్న మాట ఇక్కడికి వచ్చి పూటకూళ్ళ ఇంటి స్థానంలో కూర్చుంది. ఎందుకంటే డబ్బు పుచ్చుకుని ప్రయాణికుడిని చూసుకునే చోటు మనకు అదే. అద్దె గదులకు తర్వాత లాడ్జి అన్న మాట వేరే తెచ్చుకున్నాం. బస్టాండు పక్కన "బోర్డింగ్ అండ్ లాడ్జింగ్" బోర్డు చూడండి. అందులో బోర్డింగ్ అంటే భోజనం, బస కాదు.

ఇది తెలుగువాళ్ళకే ఉన్న అలవాటూ కాదు. తమిళుల శరవణ భవన్ పేరు ముందు హోటల్ ఉంది. బెంగళూరులో 1924 నుంచి ఉన్న మావళ్ళి టిఫిన్ రూమ్స్ పేరులో గదులున్నాయి, పడుకోవడానికి మంచం లేదు. మా ఊళ్ళో సుబ్బయ్య గారి హోటల్‌కి వచ్చి ఎవరైనా గది అడుగుతారా? అందుకని నన్నడిగితే ఆ అర మార్కు తీయడం అన్యాయమే.

ఫ్రంట్ ఆఫీస్ రవి:
మాస్టారూ, సత్రం, పూటకూళ్ళ సంగతి బాగా చెప్పారు. నేనూ ఇంట్లో "హోటల్ నుంచి ఇడ్లీ పార్సిల్ తే" అనే అంటాను. తెలుగులో అది తప్పని నేను అనలేదు. కానీ పాప రాసింది ఇంగ్లీషు వ్యాసం. లండన్‌లోనో డాలస్‌లోనో చదివేవాడు వీళ్ళు ఆ రాత్రి హోటల్లో బస చేశారనుకుంటాడు.

కాకినాడ మాస్టారు:
ఆ వ్యాసం చదివేది డాలస్ వాడు కాదు బాబూ, నిజామాబాద్ టీచర్. ఆవిడకు అర్థమైంది కాబట్టే రెస్టారెంట్ అని దిద్దగలిగారు. దిద్దడం మంచిదే, బయటివాళ్ళు ఎలా వాడతారో పిల్లకు తెలియాలి. మార్కు కోయడం దగ్గరే నా పేచీ. పైగా బాబాయ్ హోటల్ అన్నది పేరు. పేరును బాబాయ్ రెస్టారెంట్ అని మార్చి రాయమనలేం కదా.

నిజామాబాద్ అమ్మ:
పాపకు అన్నీ చదివి వినిపించాను. వాక్యాన్ని "వీ ఏట్ ఎట్ బాబాయ్ హోటల్, ఎ టిఫిన్ ప్లేస్ ఇన్ విజయవాడ" అని తిరగరాసింది. సోమవారం టీచర్‌కి చూపించి అర మార్కు అడుగుతుందట.

ఫ్రంట్ ఆఫీస్ రవి:
ఈ వాక్యానికైతే నేనూ మార్కు ఇస్తానండీ. పాతదానికి మాత్రం ఇవ్వను.