వీగన్ ఆహారంలో ఏ పోషకాలకు మాత్రలు తప్పనిసరి, ఏవి తిండితోనే సరిపోతాయి?

ప్రశ్న

నమస్కారం. పాలు, గుడ్లు, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చే ఆహారమంతా మానేసి, అంటే వీగన్‌గా మారి, నాకు పద్నాలుగు నెలలైంది. ఒక ప్రాణిని బాధపెట్టి తెచ్చుకున్న తిండి నా పళ్లెంలో ఉండకూడదని తీసుకున్న నిర్ణయమది, దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు. నాకిప్పుడు ముప్పై రెండేళ్లు. మరో ఏడాదిలోగా బిడ్డను కనాలని నేనూ నా భర్తా అనుకుంటున్నాం కాబట్టి, ఇన్నాళ్లూ పైపైన చూసి వదిలేసిన పోషకాల సంగతిని ఇప్పుడైనా సరిగా తెలుసుకోవాలనుకుంటున్నాను.

పప్పుదినుసులు, ధాన్యాలు, ఆకుకూరలు, పండ్లు, గింజలు మా ఇంట్లో కొరత లేకుండానే తింటాం. ఒక మల్టీవిటమిన్ మాత్రను గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాను. బి12 ఉంటుందని విని కొంతకాలంగా స్పైరులినా అనే నాచు పొడి కూడా తీసుకుంటున్నాను. చదువుతున్నకొద్దీ బి12, విటమిన్ డి, ఐరన్, అయొడిన్, కాల్షియం, జింక్, సెలీనియం, ఒమేగా-3 అంటూ జాబితా పెరుగుతోందే తప్ప తరగడం లేదు. అన్నింటికీ విడివిడిగా మాత్రలు కొనమని కొందరంటున్నారు, మొక్కల ఆహారంలో అన్నీ ఉంటాయి కనుక ఏ మాత్రా అక్కర్లేదని మరికొందరంటున్నారు. వీటిలో ఎంత జాగ్రత్తగా తిన్నా తిండితో తీరనివి ఏవి, శ్రద్ధ పెడితే తీరేవి ఏవి, ఏ రక్తపరీక్షలు చేయించుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలిని.

జవాబు 1

పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను, నేనూ వీగన్‌నే. అన్నిటికంటే ముందు బి12 గురించి చెబుతాను, ఎందుకంటే మీ జాబితాలో ఏ వాదనకూ తావులేనిది అదొక్కటే. ఈ విటమిన్‌ను మొక్కలూ తయారుచేయవు, జంతువులూ తయారుచేయవు. కొన్ని రకాల బ్యాక్టీరియా మాత్రమే తయారుచేస్తాయి. జంతువుల శరీరంలో చేరిన బి12 మాంసం, పాలు, గుడ్ల ద్వారా మనుషులకు అందుతుంది, ఆ దారిని మనం మూసుకున్నాం కాబట్టి బ్యాక్టీరియాతో పరిశ్రమల్లో తయారైన బి12ను నేరుగా తీసుకోవడమే మిగిలిన మార్గం. ‘వీగన్’ అన్న మాట 1944లో బ్రిటన్‌లో పుట్టింది, బి12ను శాస్త్రవేత్తలు విడదీసి గుర్తించింది 1948లో. అంటే ఈ దారిలో మొదట నడిచినవారికి తమ ఆహారంలో లోపించినదేమిటో తెలిసే అవకాశమే లేదు. మనకు తెలుసు కనుక మనం నిర్లక్ష్యం చేయడానికి సాకు లేదు.

స్పైరులినాను బి12 కోసం నమ్ముకోకండి. అందులో ఉన్నది చాలావరకు బి12ను పోలిన, మన శరీరానికి పనికిరాని మరో పదార్థం. మామూలు రక్తపరీక్షలో అది కూడా బి12 లెక్కలోకి చేరి లోపాన్ని దాచే ప్రమాదముంది. సముద్రపు నాచులూ, పులియబెట్టిన ఆహారాలూ, కడగని కూరగాయలూ కూడా ఆధారపడదగినవి కావు.

ఎంత తీసుకోవాలన్నది ఎన్నిసార్లు తీసుకుంటారన్నదాన్ని బట్టి మారుతుంది, చాలామంది తికమకపడేది ఇక్కడే. పెద్దవారికి రోజువారీ అవసరం 2.4 మైక్రోగ్రాములని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. జీర్ణాశయంలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ బి12ను పట్టుకుని పేగుల్లో శోషణ జరిగేలా చేస్తుంది, కానీ ఒక విడతకు సుమారు 2 మైక్రోగ్రాములకు మించి ఆ దారిన వెళ్లదు. మిగిలినదానిలో నూటికి ఒక వంతు మాత్రమే తనంతట తాను లోపలికి ఇంకుతుంది. అందుకే 1000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకున్నా ఒంటికి పట్టేది 10 మైక్రోగ్రాములకు కాస్త అటూఇటూగానే ఉంటుంది. బి12 కలిపిన ఆహారాల ద్వారా రోజుకు రెండు మూడు విడతలుగా కనీసం 3 మైక్రోగ్రాములు, లేదా రోజుకొక 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికి మొత్తం 2000 మైక్రోగ్రాములు తీసుకోవాలని బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ చాలాకాలంగా సూచిస్తోంది. మూడింటిలో మీకు క్రమం తప్పకుండా సాగేది ఏదైతే అదే మంచిది. మాత్రల్లో సయానోకోబాలమిన్, మిథైల్‌కోబాలమిన్ అనే రకాలు కనిపిస్తాయి. మొదటిది త్వరగా చెడిపోదు, దానిపై పరిశోధన కూడా ఎక్కువగా జరిగింది కాబట్టి నేను దాన్నే సూచిస్తాను.

ఇక ఐరన్. దీనికి నా సలహా వేరు: పరీక్ష చేయించుకోకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టవద్దు, ఎందుకంటే అదనంగా చేరిన ఐరన్‌ను బయటికి పంపే ఏర్పాటు మన శరీరంలో లేదు. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లోని ఐరన్ నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు అడుగంటి ఉండవచ్చు. మొక్కల్లోని ఐరన్ సులభంగా ఒంటపట్టదు, పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. మీ వయసు స్త్రీలకు సాధారణంగా చెప్పే 18 మిల్లీగ్రాములకు దాదాపు రెండింతలు శాకాహారులకు అవసరమని అమెరికా నిపుణులు లెక్కగట్టింది అందుకే. ఆ అంకె చూసి భయపడకండి, వండే పద్ధతిలోనే చాలా తేడా వస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్లను తగ్గిస్తాయి. అదే భోజనంలో నిమ్మరసమో, జామకాయో, టమాటానో, ఏదో ఒక సి విటమిన్ ఉన్న పదార్థం ఉంటే శోషణ బాగా పెరుగుతుంది. టీ, కాఫీ మాత్రం భోజనంతో కలిపి కాక, కనీసం గంట ఎడం ఇచ్చి తాగాలి. నా దగ్గరకు వచ్చినవారిలో ఈ ఒక్క అలవాటు మార్చుకుని తేడా చూసినవారు ఉన్నారు. జింక్‌కు కూడా ఈ నానబెట్టే, మొలకెత్తించే పద్ధతులే ఉపకరిస్తాయి కాబట్టి దానికి విడిగా మాత్ర సాధారణంగా అవసరం పడదు.

జవాబు 2

పన్నెండేళ్లుగా వీగన్‌ను. పై జవాబులో బి12 గురించి చెప్పినది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను, అందుకే నా అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. మొదటి నాలుగేళ్లు నేను ఏ మాత్రా వేసుకోలేదు, ఆరోగ్యంలో ఏ లోటూ కనిపించలేదు. కాలేయంలో బి12 నిల్వలు ఏళ్ల తరబడి సరిపోతాయి కనుక లోటు తెలియలేదంతే, దాన్నే నేను నా ఆహారం సరైనదనడానికి రుజువుగా భావించాను. అయిదో ఏట అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. చీకట్లో నడుస్తుంటే నేల ఎక్కడుందో పాదానికి తెలిసేది కాదు, చదివిన పేజీని మళ్లీ చదవవలసి వచ్చేది. రక్తహీనత లేదని తేలడంతో మొదట చూసిన వైద్యుడు బి12 గురించి ఆలోచించలేదు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవారికి ఫోలేట్ అనే మరో బి విటమిన్ సమృద్ధిగా అందుతుంది కనుక బి12 లోపం వల్ల రావలసిన రక్తహీనత కనిపించకపోవచ్చు, ఈలోగా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. నా విషయంలో జరిగింది అదేనని తరువాత చూసిన నరాల వైద్యురాలు వివరించారు.

ఇంజెక్షన్లతో మొదలై చాలావరకు కోలుకున్నాను, కానీ ఎడమ పాదం వేళ్లలో స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. మీరు పరీక్షకు వెళ్లినప్పుడు బి12 స్థాయి ఒక్కటే చూసి ఊరుకోకుండా, వీలైతే మిథైల్‌మలోనిక్ యాసిడ్ లేదా హోమోసిస్టీన్ కూడా చూపించుకోండి. కణాలకు బి12 నిజంగా అందుతోందా లేదా అన్నది అవి చెబుతాయి. మీరు స్పైరులినా తీసుకుంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

జవాబు 3

ఫార్మసిస్టుగా కొన్ని మాటలు చేరుస్తాను. బి12 గురించి చెప్పవలసినదంతా పైన వచ్చింది కనుక, మాత్రల సీసా మీద ఏం చూడాలో చెబుతాను. విటమిన్ డి3లో ఎక్కువ భాగం గొర్రె ఉన్ని నుంచి తీసిన లానొలిన్‌తో తయారవుతుంది. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్‌ల నుంచి తీసిన డి3 వీగన్‌లకు సరిపోతుంది, ఆ సంగతి సీసా మీద స్పష్టంగా రాస్తారు. డి2 కూడా జంతువులతో సంబంధం లేనిదే, కానీ రక్తంలో స్థాయిని పెంచి నిలపడంలో డి3 మెరుగు. క్యాప్సూల్ పైతొడుగు జెలటిన్‌తో చేసినదైతే అది జంతువుల నుంచి వచ్చినదే. ఎండ తగినంత తగలని వారికి రోజుకు 600 యూనిట్లు సాధారణ అవసరం. పరీక్ష, వైద్యుని సలహా లేకుండా 4000 యూనిట్లు దాటవద్దు. నిజానికి ఈ విటమిన్ అవసరం వీగన్‌లకే పరిమితం కాదు.

కాల్షియం గురించి తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. బ్రిటన్‌లో దాదాపు 55,000 మందిని పదిహేడేళ్లకు పైగా గమనించిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2020లో ప్రచురించిన ఫలితాల్లో, మాంసం తినేవారితో పోలిస్తే వీగన్‌లకు తుంటి ఎముక విరిగే ప్రమాదం రెండింతలకు పైగా కనిపించింది. తక్కువ బరువు, తక్కువ కాల్షియం, తక్కువ ప్రొటీన్ దానికి కొంతవరకు మాత్రమే కారణమని తేలింది. మీరు ఏ ఆకుకూరలు తింటారన్నది ఇక్కడ ముఖ్యం. పాలకూరలో కాల్షియం ఉన్నా దాన్ని పట్టి ఉంచే ఆగ్జలేట్లు అనే పదార్థాల వల్ల నూటికి అయిదు వంతులే ఒంటపడుతుంది, బ్రకోలీ, కేల్ వంటి వాటిలో ఆ వాటా పాలకంటే కూడా ఎక్కువ. కాల్షియం సల్ఫేట్‌తో గట్టిపరచిన టోఫు, కాల్షియం కలిపిన సోయా పాలు మంచి ఆధారాలు. సోయా పాలను తాగే ముందు బాగా కుదపాలి, లేకపోతే కాల్షియమంతా అడుగునే ఉండిపోతుంది. ఇవన్నీ కలిపినా రోజుకు 1000 మిల్లీగ్రాములకు చేరువ కాకపోతే ఆ తక్కువైన మేరకే మాత్ర తీసుకోండి, ఒక విడతకు 500 మిల్లీగ్రాములు మించకుండా, ఐరన్ మాత్రతో కలపకుండా. ఇంట్లో ఎవరైనా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ గానీ, ఆమ్లం తగ్గించే మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడుతుంటే వారిలో బి12 లోపం వచ్చే అవకాశం మరింత ఎక్కువని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. రెండో జవాబు చదివిన వెంటనే బి12 మాత్రలు తెచ్చుకుందామనుకున్నాను, కానీ ముందే వేసుకుంటే పరీక్ష ఫలితం తారుమారవుతుందేమోనని ఆగాను. ఇది సరైనదేనా? అలాగే గర్భధారణకు ముందు నుంచీ తీసుకోవలసినవి వేరుగా ఏమైనా ఉన్నాయా? అయొడిన్, ఒమేగా-3 గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. మేము వాడేది అయొడిన్ కలపని రాతి ఉప్పు.

జవాబు 1 రాసినవారు

పరీక్ష రెండు మూడు రోజుల్లో చేయించుకోగలిగితే ఆగండి, అంతకంటే ఆలస్యమయ్యేట్లుంటే మాత్ర ఈరోజే మొదలుపెట్టి, ఆ సంగతి వైద్యురాలికి చెప్పండి. తిమ్మిర్ల వంటి లక్షణాలు ఏవైనా ఉంటే ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకోకుండా వెంటనే చూపించుకోండి.

మీరు ఉప్పు సంగతి చెప్పడం మంచిదైంది. రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు సహజమైనవన్న నమ్మకంతో వాడే ఇళ్లలో పాలూ చేపలూ కూడా లేకపోతే అయొడిన్ దాదాపు ఏ దారినా అందదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణులకు 250 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ మీద ఆధారపడుతుంది కాబట్టి ఇది గర్భం నిలిచాక సరిదిద్దుకుందామని వాయిదా వేయదగినది కాదు. మీ ఉప్పును ఇప్పుడే అయొడిన్ కలిపిన ఉప్పుకు మార్చండి, పొటాషియం అయొడైడ్ రూపంలో 150 మైక్రోగ్రాముల అయొడిన్ ఉన్న గర్భధారణ మల్టీవిటమిన్ గురించి మీ వైద్యురాలిని అడగండి. థైరాయిడ్ సమస్య ఇదివరకే ఉంటే మాత్రం అడగకుండా మొదలుపెట్టవద్దు. అయొడిన్ కోసం కెల్ప్ అనే సముద్రపు నాచు మాత్రలు వద్దు, వాటిలో మోతాదు విపరీతంగా మారుతుంది, అయొడిన్ ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది.

ఒమేగా-3 విషయంలో, రోజుకు ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడి, మొక్కల్లో దొరికే ఒమేగా-3 రకమైన ఏఎల్ఏ అవసరాన్ని తీరుస్తుంది. గింజలను నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి కాబట్టి పొడి చేసుకోవాలి. ఆ ఏఎల్ఏ నుంచి శరీరం తయారుచేసుకునే మరో ఒమేగా-3 రకం, డీహెచ్ఏ, చాలా తక్కువ. మామూలు రోజుల్లో దాని గురించి నేను పట్టుబట్టను గానీ, గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ నాచు నుంచి తీసిన డీహెచ్ఏ రోజుకు 200 మిల్లీగ్రాములు తీసుకోమని చెబుతాను. చేపలకు అది వచ్చేది కూడా ఆ నాచు నుంచే. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భధారణకు కనీసం నెల ముందు నుంచి తీసుకోవడం వీగన్‌లకే కాక అందరికీ వర్తిస్తుంది. సెలీనియం గురించి ఇప్పుడు ఆందోళన పడవద్దు, అది కూడా ఆ మల్టీవిటమిన్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు. బ్రెజిల్ నట్స్ తినే అలవాటుంటే రోజుకు ఒకటి రెండు మించకండి.

బి12ను గర్భధారణలోనూ, బిడ్డకు పాలిచ్చినంత కాలమూ ఒక్కరోజు కూడా మానవద్దు. తల్లి దగ్గర లేని బి12 ఆమె పాలలోనూ ఉండదు, పెద్దవారికి ఏళ్ల తరబడి సరిపోయే నిల్వ పసిబిడ్డకు కొన్ని నెలల్లోనే అయిపోతుంది. పరీక్షల ఫలితాలు వచ్చాక ఫెరిటిన్, బి12, విటమిన్ డి అంకెలు ఇక్కడ రాయండి. ఐరన్ అవసరమా కాదా అన్నది అవి చూశాకే మాట్లాడుకుందాం.