ఈ వారం సమస్య: పాట వినని వాడె పాట నెరిగె

కూకట్‌పల్లి కుర్రాడు:
ఈసారి సమస్య ఇచ్చే వంతు నాది. నేనిచ్చే పాదం చివర వచ్చేలా మీరు పద్యం పూరించాలి. పోయిన శని, ఆదివారాలు హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద పాటల పండగలో కూల్‌డ్రింక్ కంపెనీ ప్రచారం టెంటులో పనిచేశాను. వచ్చినవాళ్ల చేత క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించడం, చక్రం తిప్పించడం, చిన్న కప్పులో డ్రింక్ పోసి ఇవ్వడం, ఇదే పని. రెండు రోజుల్లో ఒక్క పాట పూర్తిగా వినలేదు. మా టెంటు స్టేజికి పక్కవాటుగా ఉంది, మధ్యలో జెనరేటర్. ఇంటికి వచ్చాక అమ్మ "ఏం పాటలు పాడారురా?" అంటే నోట మాట రాలేదు. అప్పుడు తట్టిందీ పాదం:

పాట వినని వాడె పాట నెరిగె

ఆటవెలది పద్యం నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే: గురువు (పొడుగు అక్షరం), లఘువు (పొట్టి అక్షరం) జత గాని, మూడు లఘువులు గాని. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి లోపల జత కుదరాల్సిన అక్షరం, పా-పా. కానివ్వండి.

విశాఖ బడిపంతులు:
బాగుంది నాయనా. ముందుగా ఒకటి చెబుతాను. ఇందులో గడుసంతా ఆ "వాడె"లో ఉంది. వినని వాడికి తెలిసింది అంటే చాలదు. విన్నవాళ్లకు తెలియనిది వాడికే ఎలా తెలిసిందో పద్యం చూపాలి. ఇదిగో నా పూరణ:

చెవుడు ముదిరి పోయి చేతితో స్వరములు
వ్రాసె తొమ్మిదవది వాద్యకారి
కరతలరవ మపుడు కన్నులు తెలుపగ
పాట వినని వాడె పాట నెరిగె

1824 మే 7న వియన్నాలో, చెవుడొచ్చిన సంగీతకర్త బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటి ప్రదర్శన. ఆయనకు చప్పట్లు వినబడక జనం వైపు తిరగలేదని, గాయని కరోలిన్ ఉంగర్ ఆయన్ని పట్టి తిప్పిందని చెబుతారు.

నిజాంపేట కోడలు:
పంతులుగారూ, సింఫనీ అంటే వాద్యాలు కదా, పాట ఎక్కడుంది అని అడగబోయి ఆగాను. తొమ్మిదోదానికి చివరి భాగంలో గాయకులూ బృందగానమూ ఉన్నారు, కాబట్టి సరిపోయింది. కానీ మీ మూడో పాదం చప్పట్ల గురించి, నాలుగోది పాట గురించి. రెంటికీ మధ్య వంతెన లేదు. పైగా బీథోవెన్ పేరు పద్యంలో ఎక్కడా లేదు. కింద వచనం రాయకపోతే మా వీధిలో సన్నాయి వాయించే ఆయన అనుకునేదాన్ని.

విశాఖ బడిపంతులు:
దెబ్బ తగిలిందమ్మా. ఒప్పుకున్నాను. ఆ పేరుకు యతి కుదరక వదిలేశాను, అదీ అసలు సంగతి.

నిజాంపేట కోడలు:
నాది వేరే దారి. పాట అంటే వేలంపాట కూడా కదా.

హెచ్చుపాట పాడి యెవ్వరో స్టాలును
గెలిచిరంట, లోన గీత మేల?
లెక్కపెట్టుకొనుచు లీనుడై యుండగ
పాట వినని వాడె పాట నెరిగె

కూకట్‌పల్లి కుర్రాడు:
అక్కా, హెచ్చుపాట అదిరింది. గాయకుడి పాట వినని వాడికి వేలంపాట మాత్రం బాగా తెలుసు. మా టెంటు పక్కన మిర్చిబజ్జీ ఆయన అచ్చం ఇలాగే, రెండు రోజులూ తల ఎత్తలేదు.

విశాఖ బడిపంతులు:
శ్లేష, ఒకే మాటకు రెండర్థాలు, బాగుంది. "గెలిచిరంట" అని బహువచనం వేసి "లీనుడై" అని ఏకవచనానికి వచ్చారు. "గెలిచెనంట" అంటే గణాలు కదలవు, మాట కుదురుతుంది. నేనైతే ఇంకో లోపం కూడా చూస్తాను: శ్లేషతో విరోధం పోయింది గాని, "వాడె"కు బలం రాలేదు. వేలంలో ఓడినవాడికీ పాట తెలుసుగా!

కందిపచ్చడి:
నేను చూసినవాణ్ణి చెబుతాను. స్టేజి ముందు బారికేడ్ దగ్గర నిలబడే బౌన్సర్. రాత్రంతా జనం వైపే మొహం.

చెవుల దూది పెట్టి చెలరేగు జనులకై
వెనుక వేదికుండ వీరుడొకడు
మొగము మొగములోన మోగగా స్వరములు
పాట వినని వాడె పాట నెరిగె

విశాఖ బడిపంతులు:
ఇది పూరణ! పాట వింటున్నవాళ్లు ఎదుటి స్టేజినే చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ మొహాలన్నీ ఒకేసారి చూసేది వాడొక్కడే. "వాడె" అక్కడ నిలబడింది. మూడో పాదం రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క "వేదికుండ" దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. వేదిక తత్సమం (సంస్కృతం నుంచి వచ్చిన మాట), స్త్రీవాచకం, కాబట్టి సంధి రాదు. వేదిక యుండ అనాలి, అంటే గణం చెడుతుంది. "వెనుక పాట సాగ వీరుడొకడు" అని చూడండి.

కందిపచ్చడి:
మార్చేశాను పంతులుగారూ. ఇప్పుడు వాడి వెనక స్టేజి కాదు, పాటే ఉంది. ఇదే మేలు.

కొత్తబియ్యం:
నేను నేర్చుకుంటున్నాను, తిట్టకండి. "గుడారమున నిలిచి గొంతెండిపోయెను" అని మొదలుపెట్టాను. ఇక కదలడం లేదు.

నిజాంపేట కోడలు:
కదలదు తమ్ముడూ. గు లఘువు, డా గురువు. సూర్యగణం అలా మొదలవదు, గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) కావాలి. గుడారాన్ని పాదం మొదట పెట్టకు, ముందో గురువు నిలబెట్టు. "ఆ గుడారమందు" అను: ఆగు, డార, మందు. మూడు గలాలు వచ్చాయా? ఆ తర్వాత నువ్వే లాక్కెళ్లు.

కూకట్‌పల్లి కుర్రాడు:
సమస్య ఇచ్చినవాడు పూరించకూడదంటారు గాని ఆగలేకపోతున్నాను.

టెంటులోన నిలిచి టీషర్టు ధరియించి
చల్లనీళ్లు పంచి చాలసేపు
దడదడమను నేల దరువును చెప్పగ
పాట వినని వాడె పాట నెరిగె

నిజాంపేట కోడలు:
"ధరియించి" కిరీటానికి వాడే మాట. కంపెనీ వాళ్లిచ్చిన టీషర్టుకు "తగిలించి" చాలు, గణం అదే. నేల దరువు చెప్పడం కాస్త అతిశయోక్తేమో?

విశాఖ బడిపంతులు:
కాదమ్మా, బడిలో నేను చెప్పేదే ఇది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ బేస్ శబ్దానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు. గొంతులో "స" పలికినప్పుడు వచ్చే సన్నటి శబ్దానిది కొన్ని సెంటీమీటర్లే. మధ్యలో జనం, బ్యానర్లు అడ్డొస్తే చిన్న అలలు అక్కడే ఆగుతాయి, పెద్దవి చుట్టు తిరిగి వచ్చేస్తాయి. సాహిత్యం పోయి డ్రమ్ము మిగులుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
అందుకేనా! కౌంటర్ మీద పేర్చిన ఖాళీ కప్పులు ఆ దెబ్బకు వాటంతటవే అంచుకి జరిగేవి. ఇంకోటి, దూరంగా పెద్ద తెరలో డ్రమ్మర్ కర్ర పడ్డాక కాసేపటికి గాని దెబ్బ నాకు చేరేది కాదు. తెర పాడయిందనుకున్నాను.

విశాఖ బడిపంతులు:
తెరకేం కాలేదు. 170 మీటర్ల దూరంలో నిలబడితే అర సెకను ఆలస్యం. మరి పది గంటలకు ఆపేశారా?

కూకట్‌పల్లి కుర్రాడు:
ఠంచనుగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కూడదు కదా. ఆ తర్వాత కప్పులు ఏరేసరికి మాకు పన్నెండున్నర. ఇస్తామన్న డబ్బు ఇంకా రాలేదు, అది వేరే కథ.

కొత్తబియ్యం:
అన్నా, నీ మీదే పూర్తి చేశాను. యతి చూడండి.

ఆ గుడారమందు నలసిపోయినవాడు
తిండి లేక, కుర్చి, దిండు లేక
ఇంటికేగి పండ నింకను మోగెను
పాట వినని వాడె పాట నెరిగె

విశాఖ బడిపంతులు:
శభాష్! "నలసి"లో న ద్రుతానిది (ముందు మాట చివరి న్), యతి లోపలి అకారానికి చెల్లింది. "నింకను" కూడా అంతే. తెలిసే చేశావా?

కొత్తబియ్యం:
లేదండీ, చెవికి బాగుందని పెట్టాను.

కూకట్‌పల్లి కుర్రాడు:
తమ్ముడూ, తిండి పెట్టారురా, రెండు చల్లారిన సమోసాలు. మూడో పాదం మాత్రం నిజం. పడుకున్నాక తెల్లవారేదాకా దిండులో డ్రమ్ము మోగుతూనే ఉంది.